తాబేలుకు చిప్ప ఒక్కటే చాలదు, రాత్రికి గూడు కావాలి

డాలస్ దగ్గర ఫ్రిస్కోకు ఈ మధ్యే వచ్చిన ఒక చెల్లెమ్మ అడిగింది: "అక్కయ్యా, మా ఆయన ఆఫీసులో ఒకాయన వేరే రాష్ట్రానికి వెళ్ళిపోతూ తమ తాబేలును మాకు ఇచ్చారు. అన్నం తినే కంచమంత ఉంది. పిల్లలకు ఒకటే సంబరం. పెరటి చుట్టూ ఆరడుగుల చెక్క కంచె ఉంది. రాత్రిళ్ళు అక్కడే వదిలేయవచ్చా? ఎలాగూ దానికి చిప్ప ఉంది కదా?"

వద్దమ్మా. ఈ ఒక్క రాత్రికి కూడా వద్దు. ముందు దాన్ని గ్యారేజీలోకి తీసుకురండి. పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో పాత దుప్పటి పరిచి అందులో పెట్టండి. కారు మాత్రం బయట ఉంచండి, ఆ పొగ దానికి ప్రమాదం. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

చిప్ప ఉంటే చాలన్నది మనలో చాలామందికి ఉన్న నమ్మకమే. చిన్నప్పుడు శ్రీకూర్మం గుడికి వెళ్ళినప్పుడు అక్కడి నక్షత్ర తాబేళ్ళు తల లోపలికి లాక్కోవడం చూసి, ఇక వీటిని ఎవరూ ఏమీ చేయలేరని నేనూ అనుకున్నాను. మీకు వచ్చింది బహుశా సల్కాటా అయి ఉంటుంది, ఇక్కడి ఇళ్ళలో తరచుగా కనిపించే జాతి అదే. సహారా ఎడారికి దక్షిణపు అంచున పుట్టిన జాతి. నేల మీద బతికే తాబేళ్ళలో, గాలపాగస్, అల్డాబ్రా దీవుల తాబేళ్ళ తర్వాత ప్రపంచంలో అంత పెద్దగా పెరిగేది ఇదే. బాక్స్ టర్టిల్ అనే చిన్న తాబేలు అయితే చిప్పను తలుపులా పూర్తిగా మూసుకోగలదు. సల్కాటాకు ఆ వీలు లేదు. ముందు కాళ్ళను మొహానికి అడ్డం పెట్టుకుంటుంది, అంతే. ఆ కాళ్ళు బయటే ఉంటాయి. రాత్రిళ్ళు పెరళ్ళలోకి వచ్చే రకూన్ అనే జంతువుకు కావలసింది ఆ కాళ్ళే.

రకూన్ పిల్లి కన్నా పెద్దది. కళ్ళ చుట్టూ నల్లటి పట్టీ, తోకకు చారలు ఉంటాయి. దాని ముందు పాదాలు మన చేతుల్లాగే పని చేస్తాయి. గొళ్ళెం తీస్తుంది, చెత్తడబ్బా మూత ఎత్తుతుంది, ఆరడుగుల కంచె అలవోకగా ఎక్కుతుంది. పొద్దు వాలాక బయలుదేరి తెల్లవారే దాకా తిరుగుతుంది.

మా తాబేలుకు అప్పుడు నాలుగేళ్ళు. జూన్ నెల, మా అబ్బాయి పుట్టినరోజు, ఇంటినిండా మనుషులు. గిన్నెలు సర్దేసరికి అర్ధరాత్రి అయింది. గూడు తలుపు ఆయన వేశారని నేను, నేను వేశానని ఆయన అనుకున్నాం. తెల్లవారి కాఫీ గ్లాసుతో పెరట్లోకి వెళ్తే, కంచె మూలన మొహం చెక్కకు ఆనించి కదలకుండా ఉంది. కుడి ముందు కాలి మీది గట్టి పొలుసులు ఊడిపోయి లోపలి మాంసం కనిపిస్తోంది. దాని మీద ఎర్రచీమల బారు. చిప్ప మీద మాత్రం ఒక్క గీత లేదు.

కొన్ని వారాల పాటు యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయించాం. కాలు నిలిచింది, రెండు గోళ్ళు తిరిగి రాలేదు. అలాంటి గాయానికి అలవాటు కొద్దీ పసుపు అద్దకండి. సెలైన్‌తో కడిగి, ఈగలు వాలకుండా ఇంట్లోకి తెచ్చి, వెంటనే డాక్టరుకు చూపించండి. కుక్కలకు, పిల్లులకు వైద్యం చేసే డాక్టర్లలో చాలామంది తాబేళ్ళను చూడరు. చూసేవారి నంబరు ఇవాళే వెతికి ఫ్రిజ్ తలుపు మీద అంటించుకోండి.

ఇక గూడు సంగతి. మాది నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ పెట్టె. గోడలు రెండు పొరలు, మధ్యలో ఫోమ్ పలకలు. వాన నీరు చేరకుండా నేల నుంచి కాస్త ఎత్తులో ఉంటుంది. కప్పు పైకి తెరుచుకుంటుంది. ఆ ఏర్పాటు చాలా ముఖ్యం. తాబేలు లోపలి మూలకు వెళ్ళి కూర్చుంటే చిన్న గుమ్మంలోంచి చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీయలేరు. గుమ్మానికి పగలు దళసరి ప్లాస్టిక్ పట్టీల తెర ఉంటుంది, రాత్రి చెక్క తలుపు వేస్తాం. ఆ తలుపుకు రెండు గొళ్ళేలు, ఒక్కో గొళ్ళేనికి స్ప్రింగు కొక్కెం. గాలి రంధ్రాలకు కోళ్ళ గూటికి వేసే పల్చటి వల వాడకండి. అది కోడిని లోపల ఉంచుతుంది కానీ రకూన్‌ను బయట ఆపలేదు. అరంగుళం కన్నాలున్న గట్టి ఇనుప జాలీ వేయండి. తినగా మిగిలిన ఆకులు, కూరగాయల ముక్కలు సాయంత్రమే ఊడ్చి పారేయండి. పిల్లికి పెట్టిన గిన్నె కూడా లోపలికి తెచ్చేయండి. ఆ వాసనకే దొంగ వచ్చేది.

అరచేతిలో పట్టేంత పిల్ల తాబేలైతే ఈ పెట్టె కూడా సరిపోదు. అది రాత్రంతా ఇంట్లోనే ఉండాలి.

రకూన్ తర్వాత నన్ను ఎక్కువగా భయపెట్టేది చలి. అరిజోనా ఎడారి తాబేలు చలికాలమంతా నిద్రలోనే గడుపుతుంది, సల్కాటా అలా కాదు. ఈ తేడా తెలియక నవంబరులో దీన్ని దాని బొరియకు వదిలేసినవాళ్ళను నేను చూశాను. చలీ తేమా కలిసి ఊపిరితిత్తులకు పట్టుకుంటాయి. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి గాలి పీల్చడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకండి. గూట్లో ఉష్ణోగ్రతను నేను 75 ఫారెన్‌హీట్ దగ్గర ఉంచుతాను. అందుకు థర్మోస్టాట్ పెట్టిన నూనె హీటర్, అది తగలకుండా చుట్టూ కమ్మీల అడ్డు ఉన్నాయి. వేడి బల్బు వేలాడదీయకండి. తెగి గడ్డి మీద పడితే గూడే అంటుకుంటుంది. పడకపోయినా, మరీ కిందికి ఉంటే చిప్ప పైభాగం కాలిపోతుంది, ఆ సంగతి తాబేలు మనకు చెప్పలేదు.

2021 ఫిబ్రవరి మంచు తుపాను ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. 16వ తేదీన డాలస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు పడిపోయింది. కరెంటు పోయింది, హీటర్ ఆగింది. అప్పటికి మా తాబేలు అరవై పౌండ్లు. నేనూ మా ఆయనా దుప్పటి నాలుగు కొసలూ పట్టుకుని, మంచులో జారుతూ, దాన్ని హాల్లోకి మోసుకొచ్చి గ్యాస్ ఫైర్‌ప్లేస్ ముందు పడుకోబెట్టాం. అప్పటి నుంచి గూటిలో ఒక థర్మామీటర్, వంటింట్లో దాని అంకెలు చూపించే చిన్న పెట్టె ఉన్నాయి. నిద్రపోయే ముందు ఒకసారి చూస్తాను.

పెరట్లో ఈతకొలను ఉంటే దానికి విడిగా అడ్డు కట్టండి. సల్కాటా ఈదలేదు, మునిగిపోతుంది. వెల్లకిలా పడితే దానంతట అది తిరగలేకపోవచ్చు, అందుకే తలుపు వేసే ముందు కంటితో చూడాలి. పిల్లలు దాన్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. నాలుగంగుళాల కన్నా చిన్న తాబేళ్ళను పెంపకానికి అమ్మకూడదని అమెరికాలో 1975 నుంచే నిబంధన ఉంది. తాబేళ్ళ నుంచి పిల్లలకు సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకుతోందనే అది పెట్టారు.

చివరగా ఒక మాట, చెల్లెమ్మా. ఈ జీవి డెబ్బై ఏళ్ళు దాటి బతకగలదు. మీరింకా వీసా మీద ఉన్నారు, ఉద్యోగం మారితే ఊరు మారుతుంది, అపార్ట్‌మెంటుకు వెళ్ళవలసి రావచ్చు. దాన్ని విమానంలో ఇండియాకు తీసుకెళ్ళడం కుదిరే పని కాదు. పార్కులో వదిలేస్తే మొదటి చలికే చచ్చిపోతుంది. ఉంచుకోగలమా లేదా అని ఈ వారంలోనే ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. లేదనుకుంటే తాబేళ్ళను చేరదీసే సంస్థలు ఉన్నాయి, వాళ్ళతో నేను మాట్లాడతాను. అందులో తప్పేమీ లేదు.

ఉంచుకుంటే, ఇండియా వెళ్ళే నెల రోజులకు తలుపు వేసే మనిషిని టిక్కెట్ల కన్నా ముందు చూసుకోండి. మాకు పక్కింటి పెద్దావిడ ఉన్నారు. వేసవిలో ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు ఆమె గూడు తలుపు వేసి ఫోటో తీసి పంపుతారు. అప్పటికి మా ఊళ్ళో ఉదయం ఏడు. అమ్మ ఇచ్చిన కాఫీ పక్కన పెట్టి ముందు ఆ ఫోటోను పెద్దది చేసి చూస్తాను: చెక్క తలుపు, రెండు గొళ్ళేలు, రెండు కొక్కేలు.