సైకిల్ తొక్కితే పొట్ట తగ్గుతుంది, ఆ తర్వాత తినే టిఫిన్ ఒప్పుకుంటే

ప్రశ్న: నా వయసు 44. కూర్చుని చేసే ఉద్యోగం, పొట్ట బాగా వచ్చేసింది. రోజూ సైకిల్ తొక్కితే నడుము తగ్గుతుందా, తిండి కూడా మార్చుకోవాలా? ఎలాంటి సైకిల్ కొనాలి?

మీరు అడిగినవాటిలో మధ్యదానికే నేను ఎక్కువ జవాబు చెబుతాను. అసలు సంగతంతా అక్కడే ఉంది.

సైకిల్ తొక్కేవాళ్లకి పొట్ట ఉండదనుకుంటే ఏ ఆదివారమైనా పొద్దున్నే మా విశాఖ బీచ్ రోడ్డుకి రండి. ఖరీదైన సైకిళ్లు, హెల్మెట్లు, ఒంటికి అతుక్కుపోయే జెర్సీలు, ఆ జెర్సీల కింద నిక్షేపంలాంటి పొట్టలు. వాళ్లంతా నా స్నేహితులే, తొక్కడంలో కొందరు నాకంటే గట్టివాళ్లు. అయినా పొట్ట అంగుళం కదలదు. ఎందుకో తెలియాలంటే వాళ్లతో భీమిలి దాకా వెళ్లి టిఫిన్ చేయాలి.

వేసవిలోనూ వానాకాలంలోనూ మాకు గాలి నైరుతి నుంచి వీస్తుంది. అంటే భీమిలి వెళ్లేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. రుషికొండ దాటి, తొట్లకొండ దగ్గర కాస్త ఎత్తుపల్లాలు తప్పితే అందరూ హీరోలే. భీమిలి చేరాక పూరీ, దాని మీద మైసూర్ బజ్జీ, ఆపైన 'ఇంత దూరం వచ్చాం కదా' అని ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి రెండోసారి, చివర్న టీ. మా వాడొకడు చేతి వాచీ చూసుకుని, "ఏడొందల కేలరీలు కాల్చాను, ఇంకో ప్లేటుకి బడ్జెట్ ఉంది" అంటాడు. ఆ వాచీలు ఎప్పుడూ కాస్త ఉదారంగానే చెబుతాయి. మనలాంటివాళ్లు మామూలు వేగంతో గంట తొక్కితే ఖర్చయ్యేది నాలుగైదు వందల కేలరీలు. నూనె గ్రాముకి 9 కేలరీలు, పెద్ద చెంచాడు నూనె అంటే 120 దాకా ఉంటుంది. నాలుగు బజ్జీలు ఎంత నూనె పీలుస్తాయో మీ ఇంట్లో ఎవరినైనా అడగండి, చెబుతారు. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలికి అందరూ ఆపసోపాలు పడుతుంటారు. ఇంటికి చేరాక ఆ అలసటకి మధ్యాహ్నం బిర్యానీ, ఆ బిర్యానీకి సాయంత్రం దాకా నిద్ర.

అందుకే నా ఖచ్చితమైన అభిప్రాయం ఏమిటంటే, సైకిల్ వల్ల ఆకలి పెరుగుతుంది, ఆరోగ్యం పెరుగుతుంది, నడుము మాత్రం కంచం దగ్గరే తగ్గుతుంది. తొక్కేటప్పుడు పనిచేసేవి తొడలూ పిరుదులూ, పొట్ట ఊరికే కూర్చుని వస్తుంది. ఫలానా చోట మాత్రమే కొవ్వు కరిగించే కసరత్తు ఏదీ లేదు. ఒంట్లో ఖర్చు జమ కంటే ఎక్కువైతే కొవ్వు అంతటా తగ్గుతుంది, అందులో పొట్ట లోపలి కొవ్వు కూడా పోతుంది. ఆ పొట్టకి బిగించే బెల్టులు అమ్మేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చెమట పట్టడం వేరు, కొవ్వు కరగడం వేరు.

ఇక కంచం సంగతి. మన భోజనం తీరే అన్నం ఎక్కువ తినేలా ఉంటుంది. ముందు పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, పచ్చడిలోకి రెండు ముద్దలు, చారులోకి కాస్త, చివర్న పెరుగన్నం తినకపోతే భోజనం చేసినట్టే ఉండదు. ఐటమ్ మారినప్పుడల్లా హస్తం మళ్లీ గిన్నెలోకి వెళుతుంది. ఎంత తిన్నామో తినేవాడికీ తెలియదు, వడ్డించేవాళ్లకీ తెలియదు. నేను మార్చింది ఇదే: అన్నం ఒక్కసారే పెట్టుకుంటాను, మళ్లీ గిన్నె ముట్టుకోను. ఉన్న అన్నాన్నే పప్పుకీ కూరకీ పంచుకుంటాను, కూర మాత్రం రెండోసారి వేసుకుంటాను. చారు గ్లాసులో తాగుతాను, పెరుగన్నం బదులు మజ్జిగ. రాత్రి భోజనం ఎనిమిదిలోపు. మొదట్లో మా ఆవిడ "పథ్యం చేస్తున్నారా" అని వెక్కిరించింది. ఇప్పుడు వంకాయ కూర ఎక్కువ చేస్తోంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఉన్నది ఇదే ధోరణి: ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించకూడదట. మన ఇళ్లలో మించని పూట ఏది చెప్పండి.

తెలంగాణ సోనా అని రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు తీసుకొచ్చిన సన్నబియ్యం ఉంది కదా, ఆర్‌ఎన్‌ఆర్ 15048. దాని గ్లైసెమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే అంకె, తక్కువ, నిజమే. మంచి బియ్యమే. కానీ మా చుట్టాల్లో ఒకాయన అది 'షుగర్ ఫ్రీ' బియ్యమని చెప్పి ఇదివరకటికి రెట్టింపు లాగిస్తున్నాడు. ఏ బియ్యమైనా బియ్యమే బాబాయ్ అంటే వినడు.

నడుము తగ్గిందో లేదో తెలుసుకోవడానికి బరువు మిషన్ ఎక్కొద్దు, టైలర్ దగ్గరికి వెళ్లండి. మా టైలర్ పెద్దాయన, అక్కయ్యపాలెంలో చిన్న కొట్టు. ఆయన దగ్గర అట్ట చిరిగిపోయిన కొలతల పుస్తకాలు ఓ దొంతర ఉంటాయి. సైకిల్ మొదలుపెట్టక ముందు ప్యాంటు లూజు చేయించుకుందామని వెళ్తే, వెనక కుట్టు తిరగేసి వేలితో లోపలి గుడ్డ తడిమి చూసి, "ఇంక విప్పడానికి గుడ్డ లేదు బాబూ, ఇది మూడోసారి" అన్నాడు. నిజమే, లోపల పాత కుట్ల చిల్లులు వరసగా కనబడుతున్నాయి.

ఈమధ్య మళ్లీ కొత్త ప్యాంటుకి వెళ్లాను. టేపు పెట్టి నడుం చెప్పాడు, సీటు చెప్పాడు, తొడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయి మళ్లీ కొలిచాడు. పుస్తకంలో నా పాత పేజీ తీసి, కళ్లజోడు పైకి నెట్టి, పాత అంకె మీద వేలు పెట్టి చూశాడు. "ఇదేంటి బాబూ, నడుం ఇంత తగ్గింది, తొడ పెరిగింది? మామూలుగా రెండూ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి." సైకిల్ తొక్కుతున్నా మాస్టారూ అంటే, "అయితే నడుం టైట్ చేసి తొడ లూజు పెడతాను, లేకపోతే కూర్చున్నప్పుడు కుట్టు పిగులుద్ది" అన్నాడు. బరువు మిషన్ మీద మాత్రం పెద్ద తేడా లేదు. మిషన్‌ని నమ్ముకుని ఉంటే విసుగొచ్చి ఎప్పుడో సైకిల్ అమ్మేసేవాణ్ణి.

ఇంకో మాట. ప్యాంటు సైజు చూసుకుని 'నాది 36 కదా, పర్లేదు' అనుకోకండి. మన మగవాళ్లు ప్యాంటు పొట్ట కిందకి జారవిడిచి కట్టుకుంటారు, పొట్ట ఎంత పెరిగినా ఆ 36 అలాగే ఉంటుంది. కొలవాల్సింది చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక, పొట్ట లోపలికి పీల్చకుండా. మన దేశంలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడమంటారు డాక్టర్లు. యూరప్ వాళ్లకంటే మనకి హద్దు తక్కువ పెట్టారు. ఎందుకంటే మనవాళ్లకి సన్నంగా కనబడుతున్నా పొట్టలో కొవ్వు చేరుతుంది, షుగర్ కూడా త్వరగా వస్తుంది.

షుగర్ అంటే గుర్తొచ్చింది. మీ నడుము తగ్గడం మొదలైన మరుక్షణం చుట్టాలంతా డాక్టర్లైపోతారు. మొన్న ఒక పెళ్లిలో మా పెద్దమ్మ నలుగురిలో నా చెంపలు పట్టుకుని "ఏంట్రా ఇలా చిక్కిపోయావు, షుగర్ ఏమైనా వచ్చిందా? ఇంట్లో సరిగ్గా పెడుతోందా?" అంది. ఆ రెండో ప్రశ్నకి మా ఆవిడ మూడు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పొట్ట పెరుగుతున్నన్నాళ్లూ ఒక్కరు అడగలేదు, పైగా 'కాస్త కళ వచ్చింది' అన్నారు. దీనికి మందు లేదు, నవ్వి ఊరుకోండి. బంతిలో రెండో పూర్ణం వేస్తుంటే మాత్రం విస్తరికి చెయ్యి అడ్డం పెట్టండి.

సైకిల్ ఏది కొనాలంటారా? మీ ఇంట్లో ఉన్నది, లేదా పక్కింట్లో తుప్పు పడుతున్నది. హైదరాబాద్‌లో ఉంటే నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఔటర్ పక్కన సోలార్ కప్పు వేసిన ట్రాక్ ఉంది, ఎండా లారీలూ లేకుండా తొక్కుకోవచ్చు. మిగతా ఊళ్లలో తెల్లవారుజామే దిక్కు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. కొత్తదే కొంటే డబ్బు గేర్ల మీద కాకుండా సీటు ఎత్తు సరిచేయించుకోవడం మీద పెట్టండి, దానికి దాదాపు ఖర్చే ఉండదు. పెడల్ పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే నెల తిరక్కుండా మోకాళ్ల నొప్పులని మానేస్తారు. గట్టిగా మాట్లాడగలిగేంత వేగంలో, వారానికి ఐదు రోజులు, ముప్పావు గంట. టిఫిన్ మాత్రం ఇంటికొచ్చి చేయండి.