మున్సిఫ్ కుర్చీలో కూర్చోబోయే అమ్మాయికి

చి॥ మాధవికి, పెద్దనాన్న ఆశీస్సులు.

మున్సిఫ్‌గా, అంటే కింది కోర్టు జడ్జిగా, పోస్టింగ్ వచ్చిందని మీ నాన్న చెప్పాడు. పెరంబూరులో ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఎగ్మూరు కోర్టులో బెంచి క్లర్కుగా ఏళ్ళ తరబడి జడ్జీల ఎదుటే కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

హైకోర్టు జడ్జిని తీసెయ్యాలంటే పార్లమెంటు ఉభయసభల్లోనూ ఓటేసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. నీకు అంత కోటగోడ లేదు. నీకున్నది రాజ్యాంగంలో 235వ అధికరణం. నీ పోస్టింగు, ప్రమోషను, సెలవు హైకోర్టు చేతిలో ఉంటాయి. కలెక్టరుగారు ప్రతివాదిగా ఉన్న కేసు విన్నా, రేపు నిన్ను బదిలీ చేసేది ఆయన కాదు. ఆ ధైర్యంతో కూర్చో.

ట్రాన్స్‌ఫర్ అంటే అందరికీ టెన్షనే. ఎమర్జెన్సీలో, 1976లో, గుజరాత్ హైకోర్టు జడ్జి సంకల్‌చంద్ సేఠ్‌ను మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు పంపేశారు. ఆయన వచ్చి చేరారు, ఆ ఉత్తర్వు మీద కేసూ వేశారు. అదే ఏడాది ఏప్రిల్‌లో, విచారణ లేకుండా జైల్లో పెట్టినా కోర్టుకెక్కే హక్కు లేదని సుప్రీంకోర్టులో నలుగురు జడ్జీలు అన్నారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. 1977 జనవరిలో ఆయన్ని దాటేసి ఆయన జూనియర్‌ని చీఫ్ జస్టిస్‌ని చేస్తే రాజీనామా చేశారు. ఆ నలుగురి తీర్పు తప్పని 2017లో సుప్రీంకోర్టే తేల్చింది. నీ దగ్గరికి అంత పెద్ద కేసులు రావు. పలుకుబడి ఉన్నవాడు ఆక్రమించిన మూడడుగుల సందు కేసు వస్తుంది. ఆ సందులోంచి నడవాల్సిన ఇల్లాలికి అంతకన్నా పెద్ద కేసు లేదు.

ఒకసారి లంచ్ టైములో ఓ సీనియర్ వకీలు జడ్జిగారి ఛాంబర్లో కాఫీ తాగి నవ్వుకుంటూ బయటికొచ్చాడు. లోపల మాట్లాడుకున్నది పిల్లల చదువుల గురించే, నేనక్కడే ఉన్నాను. వరండా బెంచీ మీద ఎదురు పార్టీ, ఒక పెద్దావిడ, కాగితాల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆ నవ్వు చూసింది. సాయంత్రం కేసు ఓడిపోయింది. తీర్పులో వంక పెట్టడానికేం లేదు. అయినా ఆమె మటుకు ఆ కేసు కాఫీ దగ్గరే తేలిపోయిందనుకుంది. ఎవరం నచ్చజెప్పగలం? అందుకని, కేసు నడుస్తుండగా ఒక పక్క వకీలు ఛాంబర్‌కి వస్తే రెండో పక్క వకీల్ని కూడా పిలిపించు, లేదా ఇద్దర్నీ కోర్టు హాల్లోనే మాట్లాడమను.

ఆర్డరు ఒక్క లైనుతో సరిపెట్టకు. ఎందుకు ఓడిపోయాడో ఓడినవాడికి అర్థమయ్యేలా కారణాలు రాయి. పై కోర్టు దాన్ని కొట్టేస్తే నొచ్చుకోకుండా చదివి నేర్చుకో. కానీ ఇలా రాయమని ఎవరైనా ఫోన్ చేస్తే, ఎంత పెద్దవాడైనా సరే, ఆ రోజే రాతపూర్వకంగా హైకోర్టుకి తెలియజెయ్యి.

ఇక చుట్టాలు. నీ పేరు చెప్పుకుని నా దగ్గరికి ఎవరొచ్చినా గుమ్మంలోంచే పంపించేస్తాను. మీ అత్తగారి వైపు వాళ్ళకి మాత్రం ఛార్జి తీసుకునే ముందే నువ్వే చెప్పేసెయ్యి.

మీ పెద్దనాన్న