'ఎలక్షన్లు అయ్యాక చూద్దాం' మీ నాన్నగారి ఒక్కరి మాట కాదండీ

ఇది 2024 మే ఎన్నికలకి ముందు మాట. హైదరాబాద్‌లో ఉంటున్న మీరు, మంగళగిరిలో మీ నాన్నగారు రెండో స్లాబు పోసి ఇల్లు ఆపేశారని, అడిగితే 'ఎలక్షన్లు అయ్యాక చూద్దాంలే' అంటున్నారని, అక్కడ అందరూ ఇలాగే ఉన్నారా అని అడిగారు. ఉన్నారండీ. గుంటూరు పట్నం బజారు దగ్గర మాది ఎలక్ట్రికల్ షాపు. ఆ మాట మా కౌంటర్ దగ్గర రోజూ వింటున్నదే.

ఊళ్ళో పనులు నడుస్తున్నాయో లేదో తెలియడానికి నాకు పేపరు అక్కర్లేదు, మా ఖాతా పుస్తకం చాలు. ఇంటికి కరెంటు సామాను ఒకేసారి పోదు. స్లాబు పోసే ముందు పీవీసీ పైపులు, ఫ్యాన్ బాక్సులు తీసుకెళ్తారు. గోడలు లేచి ప్లాస్టరింగ్ అయ్యాక వైరు కాయిల్స్‌కి వస్తారు. రంగులు పడ్డాక స్విచ్చులు, లైట్లు. మాకు నాలుగు రాళ్ళు మిగిలేది ఆ చివర్లోనే. ఈ ఏడాది పైపులు పట్టుకెళ్ళినవాళ్ళలో చాలామంది వైరుకి రాలేదు. ఫోన్ చేస్తే డబ్బుల్లేవని ఎవరూ అనరు, 'జూన్ 4 వెళ్ళనివ్వండి' అంటారు. మే 13న పోలింగు, లెక్కింపేమో జూన్ 4న. అంటే ఓటేసిన తర్వాత కూడా మూడు వారాలు చేతులు కట్టుకుని కూర్చోవాలన్నమాట.

హైదరాబాద్ నుంచి చూస్తే ఇది బద్ధకంలా కనపడొచ్చు. ఇక్కడివాళ్ళది భయం. 2015 విజయదశమికి ఉద్దండరాయునిపాలెంలో అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగింది. రైతులు 33 వేల ఎకరాల పైచిలుకు ల్యాండ్ పూలింగ్‌కి, అంటే భూమి ప్రభుత్వానికిచ్చి బదులుగా ప్లాట్లు తీసుకునే పద్ధతిలో, ఇచ్చారు. మెట్ట ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల కమర్షియల్, జరీబు (నది పక్కన ఏడాదంతా నీరుండే భూమి) అయితే ఆ కమర్షియల్ 450. ఆ రోజుల్లో మాకు మధ్యాహ్నం అన్నానికి షట్టర్ దించే తీరిక కూడా ఉండేది కాదు. తాడేపల్లి నుంచి తుళ్ళూరు దాకా అపార్టుమెంట్లు, హాస్టళ్ళు, ఎక్కడ చూసినా సెంట్రింగు కర్రలే. 2019లో ప్రభుత్వం మారింది. ముందు ఇసుక దొరకలేదు, తాపీ మేస్త్రీలు అడ్డా మీద పొద్దెక్కేదాకా నిలబడి ఇళ్ళకి పోయేవాళ్ళు. ఆ డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వచ్చింది. దానికోసం చేసిన చట్టాన్ని 2021లో వెనక్కి తీసుకున్నారు, 2022 మార్చిలో హైకోర్టు అమరావతే కట్టమంది, కేసు సుప్రీంకోర్టుకి పోయింది. రాయపూడి దగ్గర ఎమ్మెల్యేల క్వార్టర్లు ఈ 2024 ఎన్నికల నాటికి కూడా పూర్తికాలేదు. సచివాలయం టవర్ల కోసం తీసిన పునాదుల్లో అప్పటికి నీళ్ళే నిలిచి ఉన్నాయి. అన్నట్టు, హైదరాబాద్ ఉమ్మడి రాజధాని గడువు కూడా 2024 జూన్ 2తోనే తీరిపోతుంది. ఆ తెల్లారి మన రాజధాని ఏదని పిల్లలడిగితే ఏం చెప్పాలో మీకు తెలిస్తే చెప్పండి.

తప్పంతా ఒకళ్ళదే అని నేననను. ఒకళ్ళు సింగపూర్ బొమ్మలు చూపించి తాత్కాలిక భవనాలతో సరిపెట్టారు. ఇంకొకళ్ళు వచ్చి మొదలైనవి కూడా పక్కన పడేశారు. ఐదేళ్ళకోసారి పాతవాళ్ళ పని కొత్తవాళ్ళకి పనికిరాకుండా పోతుంటే, సొంత డబ్బు తీసి పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? మా దగ్గర సామాను తీసుకునే ఒక కాంట్రాక్టరు వీధిలైట్ల పని చేశాడు. ఏ ఆఫీసన్నది ఇక్కడ వద్దులెండి. బిల్లు ఇంతవరకూ రాలేదు. అతనికి రాకపోతే నాకూ రాదు, నాకు రాకపోతే విజయవాడలో హోల్‌సేల్ షాపుకి నేనివ్వలేను. ఇక్కడ వ్యాపారం పడుకుందంటే సగం ఇదే.

దీనికి తోడు ఎన్నికల కోడ్ వచ్చిపడింది. మొన్న నందిగామ వైపు రైతొకాయన మార్కెట్ యార్డులో తేజా మిర్చి అమ్ముకుని మోటారు కోసం మా షాపుకొచ్చాడు. కాగితాల్లేకుండా 50 వేలు దాటి పట్టుకెళ్తే తనిఖీల్లో తీసేసుకుంటారు కదా, ఆ గొడవెందుకని కమీషన్ వ్యాపారి అంతకు లోపే చేతికిచ్చి, మిగతాది పోలింగ్ అయ్యాక రమ్మన్నాడట. అమ్మిన లెక్క రాసిన పట్టీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. నేనడక్కపోయినా తీసి నాకు చూపించాడు, కాజ టోల్‌గేట్ దగ్గర పోలీసులకి చూపించాల్సినట్టే. చివరికి స్టార్టరు, కేబులు తీసుకుని, 'మోటారు పక్కన పెట్టు తమ్ముడూ, ఎవరికీ ఇచ్చెయ్యకు' అని వెళ్ళాడు. పండించి అమ్ముకున్న డబ్బుకి ఇన్ని లెక్కలు. ఓటుకింతని పంచే కట్టలు మాత్రం ఏ టోల్‌గేటు దాటి వస్తాయో ఆ దుర్గమ్మకే తెలియాలి.

ప్రచారంలో ఈ సంగతులు ఎవరూ ఎత్తరు. ఒకళ్ళు పెన్షన్ 4,000 అంటే ఇంకొకళ్ళు విడతలవారీగా 3,500 అంటున్నారు. పెన్షన్లను నేను తీసిపారెయ్యను, ఒకటో తారీకు దాటాక మా బజారులో కదలిక వచ్చేది వాటివల్లే. కాకపోతే ఆ డబ్బుతో బల్బు కొంటారు, పాత ఫ్యాన్‌కి వైండింగ్ చేయిస్తారు. ఇంటికి వైరింగ్ చేయించాలంటే ఇంట్లో ఒకరికి నెల జీతం ఉండాలి. ఆ జీతాలు తెచ్చే పిల్లలు మీలాగే హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్నారు. మా వీధిలో బీటెక్ అయినవాళ్ళని చూడాలంటే సంక్రాంతికి రావాలి.

మీ నాన్నగారి సంగతికొస్తే, పై వాటా అద్దెకని వేస్తుంటే ఆయన్ని ఆగనివ్వండి. ఆ చుట్టుపక్కల అద్దెలు ఎటు పోతాయో జూన్ 4కి ముందు చెప్పేవాడు లేడు. తాము ఉండటానికే అయితే ఆపొద్దనండి. వైరు ధర రాగిని బట్టి నడుస్తుంది, ఈమధ్య రాగి బాగా పెరిగింది, దానికి మన ఓట్ల లెక్కింపుతో పనిలేదు. కనీసం కింద వాటాకైనా కాయిల్స్ ఇప్పుడే కొని పెట్టుకోమనండి. మా దగ్గరే కొనక్కర్లేదు, మంగళగిరిలోనూ షాపులున్నాయి.

ఇంకొకటి. స్లాబు మీదికి తేలిన పైపులకి మూతులు తెరిచే ఉండుంటాయి, పని మధ్యలో ఆపినవాళ్ళు ఎవరూ వాటిని పట్టించుకోరు. వాన నీళ్ళు, ఇసుక దిగి లోపల గట్టిపడితే రేపు వైరు లాగడం కుదరదు, గోడ పగలగొట్టాలి. 13న ఓటుకి ఎలాగూ వస్తారు కదా, ఓసారి పైకెక్కి ఆ మూతులకి ప్లాస్టిక్ కవర్లు చుట్టి టేపు వేసేయండి.