డిస్క్ పైకి లేచి ఎడమకి పడిపోతుంటే తప్పు చేతి బలంలో లేదు

డిస్క్ గోల్ఫ్‌లో (ఫ్రిస్బీ లాంటి డిస్క్‌ని దూరంగా ఉన్న గొలుసుల బుట్టలోకి విసిరే ఆట) కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్, అంటే చేతిని ఛాతీకి అడ్డంగా వెనక్కి తీసుకెళ్ళి, విసిరితే డిస్క్ 40, 45 మీటర్ల దగ్గరే పైకి లేచి, గాల్లో ఆగినట్టయి, ఎడమకి జారి పడిపోతోంది, జిమ్‌కి వెళ్ళి చెయ్యి బలం పెంచుకోవాలా అని అడిగారు. వద్దండి. తిరుపతిలో మా ఇంటి వెనక ఖాళీ మైదానంలో ఏడాదిన్నర క్రితం నాకూ అచ్చం ఇలాగే అయ్యేది. ఎంత గట్టిగా విసిరితే అంత పైకి లేచేది, దూరం మాత్రం పెరిగేది కాదు. చివరికి భుజం నొప్పి మిగిలింది.

డిస్క్ ముందు అంచుని నోస్ అంటారు కదా, అది పైకి లేచి బయల్దేరితే గాలి అడుగు నుంచి తోసేస్తుంది, వేగం చచ్చిపోతుంది. వేగం పడిపోయాక కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ డిస్క్ ఎడమకే పోతుంది, అది దాని స్వభావం. కాబట్టి ముందు సరిచేయాల్సింది నోస్. చెంబు పిడికిట్లో పట్టుకుని ముందుకి నీళ్ళు వంచుతామే, అప్పుడు మణికట్టు చిటికెన వేలి వైపు కాస్త కిందికి వంగుతుంది, విసిరేటప్పుడు కూడా అలాగే ఉండాలి. ఇంకోటి, ఎత్తుగా వేయాలనుకుని చెయ్యి ఒక్కటే పైకి ఎత్తకండి, నోస్ కూడా దానితోనే లేస్తుంది. ఎత్తు కావాలంటే భుజాల గీత మొత్తం వాలాలి.

దీనికంటే నాకు ఎక్కువ కాలం పట్టింది చెయ్యి లాగే దారి. నేనేమో డిస్క్‌ని వెనక్కి తీసుకెళ్ళి ఛాతీ చుట్టూ గుండ్రంగా తిప్పి వదిలేవాణ్ణి. ఫోన్‌లో వీడియో తీస్తూ మా బావమరిది పట్టుకున్నాడు దాన్ని: "బావా, నువ్వు లాగడంలేదు, తిప్పుతాండావు" అన్నాడు. పై చెయ్యి ఛాతీకి అతుక్కుపోతే మోచెయ్యి ముందుకి రాదు, మోచెయ్యి రాకపోతే ముంజెయ్యి కొరడాలా విచ్చుకోదు, అసలు వేగమంతా ఆ విచ్చుకోవడంలోనే ఉంది. తోటలో మందు కొట్టే పవర్ స్ప్రేయర్ తాడు లాగి స్టార్ట్ చేయడం చూశారా? మోచెయ్యి ముందు, చెయ్యి తర్వాత, చివర్లో ఒక్క కుదుపు. అదే.

చిత్తూరు దగ్గర మా మామగారి తోతాపురి తోటలో దీనికో సాధన చేశాను, నాకు బాగా పనికొచ్చింది. ఒకే సాలులో ఉన్న రెండు చెట్లకి ఛాతీ ఎత్తులో తాడు కట్టి, కుడి భుజం ఒక చెట్టు వైపు పెట్టి తాడు పక్కన నిలబడి, డిస్క్‌ని ఆ తాడు వెంబడే నెమ్మదిగా వెనక నుంచి ముందుకి లాగాలి. వదలక్కర్లేదు, లాగడమే. చెయ్యి గుండ్రంగా తిరిగిన ప్రతిసారీ డిస్క్ తాడుని వదిలి పక్కకి పోతుంది, వెంటనే తెలిసిపోతుంది. రోజుకి పది నిమిషాల చొప్పున మూడు వారాలు చేశాక తాడు లేకుండా కూడా చెయ్యి ఆ దారి పట్టింది.

విసిరే ముందు మీరు తీస్తానన్న పరుగు, ఆ అడ్డంగా వేసే అడుగులు, ప్రస్తుతానికి పూర్తిగా ఆపేయండి. నిలబడిన చోటు నుంచే విసరండి. బరువు ఎడమ కాలి మీద, భుజాలు వెనక్కి తిరిగి, చూపు కూడా వెనక్కి. తర్వాత బరువు కుడి కాలి మీదికి వచ్చి నిలవాలి, నడుం తిరగాలి, ఆ తర్వాతే చెయ్యి. చెయ్యి ముందు వచ్చేస్తే మిగతా ఒళ్ళంతా వృథా. వదిలాక కుడి మడమ మీద తిరిగిపోనివ్వండి, పాదం నేలకి పాతేసినట్టు ఉంచితే మోకాలు మెలిపడుతుంది, ఇది సరదాగా తీసుకునే విషయం కాదు. పట్టు మొదటి నుంచీ బిగించకండి, చివరి క్షణంలో బిగుసుకుంటే చాలు.

డిస్క్ విషయం. మీ దగ్గరున్నది స్పీడ్ 12 డ్రైవర్ అన్నారు, అంటే బాగా దూరం వేయడానికి చేసిన డిస్క్; స్పీడ్ అంకె పెరిగేకొద్దీ అంత వేగంగా విసరాలి. దాన్ని మూడు నెలలు దాచేయండి. అది తన పని చేయాలంటే చాలా వేగంగా వదలాలి, మనకింకా ఆ వేగం లేదు, కాబట్టి ఎంత బాగా వేసినా ఎడమకే పడుతుంది, తప్పెక్కడుందో తెలియదు. పటర్ (దగ్గర నుంచి బుట్టలోకి వేసే డిస్క్) గానీ, డిస్‌క్రాఫ్ట్ కంపెనీ బజ్ లాంటి స్పీడ్ 5 మిడ్‌రేంజ్ (మధ్య దూరాలకి వాడే డిస్క్) గానీ తీసుకోండి. వాటితో తప్పు చేస్తే వెంటనే కనబడుతుంది: వణుకుతూ పోతే మణికట్టు మెలితిప్పారని, లేచి ఆగిపోతే నోస్ లేచిందని. నాకు మిడ్‌రేంజ్‌తోనే మూడు నెలల్లో 45 నుంచి 65 మీటర్లు దాటింది.

బుట్ట లేదని కూడా బాధపడ్డారు. ఎడ్ హెడ్రిక్ 1970లలో గొలుసుల బుట్ట తయారు చేయకముందు అమెరికాలోనూ చెట్లకీ స్తంభాలకీ గురిపెట్టే ఆడేవాళ్ళు. మామిడి చెట్టు మాను చాలు, కాయలున్నప్పుడు మాత్రం తోటలో వద్దు.

పొద్దున ఏడులోపు విసరండి, వాకింగ్ వాళ్ళు లేని పక్కకి. ఆషాఢం గాలిలో నేర్చుకోకండి, ఎదురుగాలికి డిస్క్ కుడికి తిరగబడుతుంది, అది మీ తప్పో గాలి తప్పో అర్థం కాదు. వారం తర్వాత రెండు వీడియోలు పెట్టండి, ఒకటి వెనక నుంచి, ఒకటి ఛాతీ కనిపించేలా. చూసి చెప్తాను.