ఫ్రీజ్ నొక్కే ముందు ఇది చదువు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీ ఇంజనీరింగ్ ఎంట్రన్స్ ర్యాంకు చెప్పింది. మీ అత్తయ్య వెంటనే పైడితల్లమ్మకి దణ్ణం పెట్టుకుంది. నేను మాత్రం ఆ తర్వాతి మాట దగ్గరే ఆగిపోయాను. మేనేజ్‌మెంట్ సీటైనా సరే, విశాఖలో పేరున్న కాలేజీలోనే ఏఐ బ్రాంచి చదువుతానన్నావట. మన ఇళ్లలో ఇంత ర్యాంకు తెచ్చుకున్న మొదటి గుంటవి నువ్వే. ఆ సంతోషం చెప్పేశాను కాబట్టి ఇక తిట్టొచ్చు.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు సచివాలయంలో ఇప్పుడే తీసుకో. స్టడీ సర్టిఫికెట్లన్నీ ఒక్క కవర్లో పెట్టు. కౌన్సెలింగ్ సైటులో కాలేజీల వెబ్ ఆప్షన్లు నీకు ఇష్టమైన వరసలోనే ఇవ్వు. వాటిని ఖాయం చేసే ఫ్రీజ్ బటన్ సంగతి తర్వాత. పైనున్న సీటు వచ్చిందంటే కిందవాటి జోలికి ఎవరూ పోరు. చేరనని తెలిసిన కాలేజీని మాటవరసకి కూడా పైన పెట్టకు.

ఇక మీ బావ సంగతి. 2009లో నువ్వింకా పాకుతున్నావు. వాడికి ర్యాంకు మీద ఇచ్చే కన్వీనర్ కోటాలో, ఇంటి నుంచి బస్సులో వెళ్లొచ్చే కాలేజీలో ఎలక్ట్రికల్ సీటు వచ్చింది. ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వచ్చేది. అదే వారం డిపోలో నా తోటి కండక్టరు కొడుకు పెద్ద కాలేజీలో కంప్యూటర్స్‌లో చేరాడని స్వీట్లు పంచాడు. ఆ స్వీటు నాకు అరగలేదు. వచ్చిన సీటు వదిలేసి, డొనేషన్ కట్టి, వాణ్ణి పేరున్న చోట చేర్పించాను. మేనేజ్‌మెంట్ కోటాకి రీయింబర్స్‌మెంట్ రాదని తెలుసు. తెలిసే కట్టాను. పైగా లెక్కేసుకున్నది ట్యూషన్ ఫీజు ఒక్కటే. హాస్టలు, మెస్సు, పరీక్ష ఫీజులు, పండక్కి వచ్చిపోయే ఛార్జీలు, ఇవేవీ లెక్కలోకే రాలేదు. రూపాయి తేడా రాకుండా ముప్పై ఏళ్లు సంచి మోసినవాణ్ణి, ఇంటి లెక్క మాత్రం అలా వేశాను.

నాలుగో ఏడాది అయ్యేసరికి ముప్పై వేలు బాకీ. హైదరాబాదులో వాడికి ఉద్యోగం వచ్చింది, సోమవారం ఒరిజినల్స్ చూపించమన్నారు. శుక్రవారం నేనే కాలేజీ ఆఫీసుకి వెళ్లాను. గుమాస్తా ర్యాక్‌లోంచి ఫైలు తీశాడు. వాడి టెన్త్ మెమో అంచు బయటికి కనిపిస్తోంది. చెమట అంటకూడదని నేను ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చిందే. అతను పేరు చూశాడు, బాకీ చూశాడు, "కట్టేసి తీసుకెళ్లండి సార్" అని ఫైలు మళ్లీ ర్యాక్‌లోకి తోసేశాడు. మీ అత్తయ్య గొలుసు బ్యాంకులో పెట్టి డబ్బు పట్టుకెళ్లేసరికి బుధవారమైంది. ఉద్యోగం పోయింది. తిరిగొచ్చేటప్పుడు మీ బావ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. బస్సు కిటికీలోంచి పల్లీలు కొని సగం పొట్లం నా చేతిలో పోశాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు వాడు బాగానే ఉన్నాడులే. కాలేజీలు ఒరిజినల్స్ తమ దగ్గర ఉంచుకోకూడదని 2018లో యూజీసీ కూడా చెప్పింది. అయినా నా మాట విను. చూపించు, అక్కడే నిలబడు, వెనక్కి తీసుకో, జెరాక్సులు ఇచ్చి రా. మొహమాటపడకు.

మీ నాన్న సంగతి నీకంటే నాకు ఎక్కువ తెలుసు. తిత్లీ తుఫాను పడగొట్టిన కొబ్బరి చెట్ల చోట వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఆ తోట మీద అప్పు చెయ్యమని నువ్వు అడిగితే చేసేస్తాడు. నా భయం అదే.

పేరు వద్దనను. కానీ ఆ పేరు ఎక్కడిదో చూడు. బోర్డు మీద రాసుకునే నాక్ గ్రేడు కాలేజీ మొత్తానికి ఇచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి వారీగా ఇస్తారు, నీ బ్రాంచికి ఉందో లేదో అడుగు. ఆఖరి ఏడాది పిల్లల్ని పట్టుకుని, ఏడాదిలో ఎంతమంది లెక్చరర్లు మారారో కనుక్కో. నా బస్సెక్కిన పిల్లలు ఏ బ్రోచర్లోనూ లేని సంగతులు చెప్పేవారు. ఏఐ అన్నా, ఉత్త కంప్యూటర్స్ (సీఎస్ఈ) అన్నా మొదటి ఏడాది చాలావరకు లెక్కలు, ప్రోగ్రామింగే. అన్నట్టు, తొమ్మిదో తరగతిలో తోట మోటారు స్టార్టరు విప్పేసి తన్నులు తిన్నది నువ్వే కదా, ఎలక్ట్రానిక్స్ (ఈసీఈ) వైపు ఒక్కసారైనా చూశావా?

మా విజయనగరం జేఎన్‌టీయూ కాలేజీ 2007లో పెట్టారు, 2022లో గురజాడ పేరుతో అదే విడిగా యూనివర్సిటీ అయింది. ప్రభుత్వ కాలేజీ. దాన్ని మొదటి మూడింట్లో పెట్టు. ఇందులో నా స్వార్థం కూడా ఉంది, దాచను. చీకటి పడ్డాక హాస్టలుకి ఒంటరిగా నడిచెళ్లే ఆడపిల్లల్ని ఆఖరి ట్రిప్పుల్లో చాలామందిని దింపాను. దిగిన పిల్ల గేటు లోపలికి వెళ్లేదాకా రైట్ చెప్పేవాణ్ణి కాదు. మేడ మీద గది ఖాళీగానే ఉంది. మీ అత్తయ్య అప్పుడే అందులోంచి వడియాల డబ్బాలు తీసేసింది.

ఆదివారం పొద్దున్న రైలుకి వస్తున్నాను. ఆప్షన్లు పెన్సిల్‌తో కాగితం మీద రాసి ఉంచు, నేను చూసేదాకా ఫ్రీజ్ నొక్కకు. తోట పాస్‌బుక్ బీరువాలోంచి తియ్యొద్దన్నానని మీ నాన్నతో చెప్పు.

మీ మావయ్య