టీవీలో క్యాప్షన్స్ ఆన్ చేశా, ఒక్క అక్షరం రాలేదు!

ప్రశ్న: మా నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో మిల్లు దగ్గర చేసి రిటైరయ్యారు, చెవులు సరిగా వినపడవు. రాత్రి తొమ్మిదికి న్యూస్ పెడితే సౌండు కింద ఫ్లాటు దాకా వెళ్తుంది. వాళ్ళు పైకి ఏమీ అనరు గానీ లిఫ్టులో ఎదురుపడితే నవ్వడం మానేశారు. అక్షరాలు పడితే చదువుకుంటారు కదా అని స్మార్ట్ టీవీ కొన్నాం, సెట్టింగ్స్‌లో క్యాప్షన్స్ ఆన్ చేశాను, ఏమీ రావట్లేదు. షాపులో అడిగితే టీవీ బాగానే ఉందంటున్నారు. నాన్నగారేమో ‘డబ్బులు దండగ’ అని రోజూ సాధిస్తున్నారు.
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: షాపువాళ్ళు అబద్ధం చెప్పలేదండీ. ఆ ఆప్షన్ ఆన్ చేసినంత మాత్రాన టీవీ మాటలు విని రాసిపెట్టదు, ప్రోగ్రాంతో పాటు ఎవరైనా అక్షరాలు పంపితే చూపిస్తుంది, అంతే. పైగా సెట్‌టాప్ బాక్సు నుంచి టీవీకి వచ్చే హెచ్‌డీఎంఐ వైరులో బొమ్మ, సౌండు వస్తాయి గానీ క్యాప్షన్లు విడిగా రావు. బాక్సే వాటిని బొమ్మ మీద వేసి పంపాలి. కాబట్టి టీవీ రిమోట్ పక్కన పెట్టి, బాక్సు రిమోట్‌లో సబ్‌టైటిల్ బటన్ గానీ, బాక్సు మెనూలో భాష సెట్టింగ్ గానీ ఉందేమో చూడండి. అక్కడా ఏమీ లేదంటే ఆ ఛానెల్ పంపడం లేదనో, బాక్సుకి చూపించే వీలు లేదనో అర్థం. మన న్యూస్ ఛానెళ్ళలో తెర నిండా అక్షరాలే, బ్రేకింగ్ అని, స్క్రోలింగ్ అని, తుపాను వస్తే ఇంకో పట్టీ, ఒక్క యాంకర్ చెప్పే మాటలు తప్ప అన్నీ ఉంటాయి!

అమెరికాలో 1990లోనే చట్టం చేసి, 1993 జూలై నుంచి 13 అంగుళాలు, అంతకన్నా పెద్ద టీవీలన్నింటిలో క్యాప్షన్లు చూపించే ఏర్పాటు తప్పనిసరి చేశారు. మన దగ్గర కూడా 2019లో కేంద్ర సమాచార ప్రసార శాఖ వినికిడి లోపం ఉన్నవాళ్ళ కోసం టీవీ ప్రోగ్రాములకు ప్రమాణాలు ఇచ్చింది. మీ నాన్నగారి తొమ్మిది గంటల న్యూస్ దాకా అవి ఇంకా రాలేదు, అదీ సంగతి.

ఇక మీ టీవీలోనే ఉన్న యాప్‌ల సంగతి వేరు. యూట్యూబ్‌లో వీడియో నడుస్తుండగా ‘సీసీ’ (క్లోజ్డ్ క్యాప్షన్స్) గుర్తు నొక్కండి, ఓటీటీలో అయితే సినిమా ఆపి ‘ఆడియో, సబ్‌టైటిల్స్’ అన్నచోట తెలుగు ఉందేమో వెతకండి. చాలా తెలుగు సినిమాలకు ఇంగ్లీషే ఉంటుంది, అది మన ఖర్మ. తెలుగు పక్కన సీసీ అని కనిపిస్తే అదే పెట్టండి, ఎందుకంటే మామూలు సబ్‌టైటిల్స్‌లో మాటలే ఉంటాయి, సీసీలో ఫోన్ మోగడం, తలుపు కొట్టడం కూడా రాస్తారు. ఆండ్రాయిడ్ టీవీ అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో క్యాప్షన్స్ తెరిచి అక్షరం సైజు పెంచి, నల్ల పట్టీ మీద పసుపు రంగు పెట్టండి. తెల్ల చొక్కా మీద తెల్ల అక్షరాలు పడితే పెద్దాయన మళ్ళీ ‘దండగ’ అనే అంటారు. ఈ రంగులు కొన్ని యాప్‌లకు వర్తించవు, వాటిలో విడిగా మార్చుకోవాలి.

న్యూస్‌కి మాత్రం ప్రస్తుతానికి బ్లూటూత్ హెడ్‌ఫోన్సే దారి. కొన్ని టీవీల్లో అవి కలపగానే స్పీకర్లు ఆగిపోతాయి, అప్పుడు మీకు వినపడదు, లిఫ్టులో మాత్రం నవ్వులు మొదలవుతాయి. చెవుల డాక్టరుకి కూడా ఒకసారి చూపించండి. ఏళ్ళ తరబడి మిషన్ల హోరులో పోయిన వినికిడి తిరిగి రాదు గానీ చెవి మిషన్ పెట్టుకుంటే చాలామందికి తేడా తెలుస్తుంది.

ప్రశ్న: పెన్‌డ్రైవ్‌లో సినిమాకి తెలుగు సబ్‌టైటిల్ ఫైలు పెడితే డబ్బాలు డబ్బాలుగా వస్తోంది.
– ఒక పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: ఫైలుని కంప్యూటర్లో నోట్‌ప్యాడ్‌తో తెరిచి, ‘సేవ్ యాజ్’లో ఎన్‌కోడింగ్ అన్నచోట ‘యూటీఎఫ్-8’ పెట్టి సేవ్ చేయండి, పేరు సినిమా పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. అయినా డబ్బాలే వస్తే టీవీ ప్లేయర్‌లో తెలుగు ఫాంటు లేనట్టే. వీఎల్‌సీ అనే ప్లేయర్ యాప్ వేసి చూడండి.