అక్కాతమ్ముళ్లకు ఒకే గది: రంగు సంగతి చివర్లో చూడండి

మీ ప్రశ్న ఇదీ: హన్మకొండలో రెండు బెడ్‌రూముల ఇల్లు, పై అంతస్తు. పాపకు ఎనిమిదేళ్లు, బాబుకు ఐదేళ్లు. ఇద్దరికీ కలిపి 10×11 అడుగుల గది ఇస్తున్నారు. గోడలకు సగం గులాబీ, సగం నీలం వేసి, బంక్ బెడ్ కొందామని మీ ఆయన అంటున్నారు. ఏం చేస్తే బాగుంటుంది?

మాదీ ఇదే ఊరు, గది కొలతలు కూడా ఇంచుమించు ఇవే. మా ఇంట్లోనూ పాప పెద్దది, బాబు చిన్నోడు. ఇద్దరిదీ ఒకటే అర్ర. గులాబీ, నీలం ముచ్చట తర్వాత చూద్దాం. ముందు బంక్ బెడ్‌కు అడ్వాన్స్ ఇవ్వకుండా ఆగండి.

షాపులో నిలబెట్టిన బంక్ బెడ్ చూస్తే పెద్దవాళ్లకే ఎక్కి కూర్చోవాలనిపిస్తుంది, కాదనను. కానీ షాపులో దాని నెత్తి మీద ఫ్యాన్ ఉండదు. మన ఇళ్లల్లో స్లాబు మామూలుగా పదడుగుల ఎత్తు. ఫ్యాన్ ఒక అడుగు కిందికి వేలాడితే రెక్కలు తొమ్మిది అడుగుల దగ్గర తిరుగుతుంటాయి. పై మంచం ఐదడుగులు, పరుపు ఇంకో అరడుగు. దాని మీద నాలుగడుగుల పిల్ల లేచి నిలబడితే తల ఎక్కడికి వస్తుందో మీరే లెక్క చూసుకోండి. పిల్లలు మంచం మీద నిలబడకుండా ఉంటారా, ఎగరకుండా ఉంటారా? పైగా ఆరేళ్లు నిండని పిల్లల్ని పై మంచం మీద పడుకోబెట్టకూడదని అమెరికాలో వినియోగదారుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ కూడా చెప్తుంది. మీ బాబుకు ఐదే. అక్క పైన ఉంటే వాడు కింద ఉంటాడనుకోవడం మన భ్రమ.

ఫ్యాన్ తీసేసి గోడకు పెట్టిస్తామంటారా? పెట్టించవచ్చు. అయినా మే నెలలో మన దగ్గర ఎండ 43, 44 డిగ్రీలు దాటుతుంది. పై అంతస్తులో స్లాబు రాత్రి పన్నెండింటికి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. వేడి గాలి పైకే చేరుతుంది, కూలర్ గాలి కిందే తిరుగుతుంది. పైన పడుకున్న పిల్ల దిండు తీసుకొని అర్ధరాత్రి మీ గదిలోకి వస్తుంది. దోమతెర కట్టడం ఇంకో తిప్పలు.

అందుకే మేము రెండు విడి మంచాలు వేసుకున్నాం. ఆరడుగుల పావు పొడుగు, మూడడుగుల వెడల్పు. ఎదురెదురు గోడలకు వేస్తే మధ్యలో నాలుగడుగుల సందు మాత్రమే మిగులుతుంది. ఒక మూల దగ్గర రెండూ కలిసేటట్టు, రెండు గోడలను ఆనుకొని వేస్తే ఒకపక్క నేల మొత్తం ఒక్కచోట మిగులుతుంది, దాదాపు 7×8 అడుగులు. పిల్లల గదిలో నేలకంటే విలువైనది లేదు. మంచాల కింద చక్రాల పెట్టెలు పెట్టించాం. ఆటసామాను రాత్రికి అందులోకి పోవాలి.

ఇక కొట్లాటల సంగతి. మా ఇంట్లో గోడ రంగు మీద పిల్లలు ఒక్కసారి కూడా కొట్లాడుకోలేదు. లైటు ఆర్పమని ఒకరు, ఆర్పొద్దని ఒకరు. నా రబ్బరు నీ దగ్గరికి ఎట్ల వచ్చిందని ఒకరు, అది నీదని పేరు రాసుందా అని ఇంకొకరు. రోజూ ఇదే పంచాయితీ. కాబట్టి డబ్బు ముందు ఎవరి మంచం, ఎవరి లైటు, ఎవరి అర అన్నది తేల్చడానికి ఖర్చు పెట్టండి. మిగిలింది సింగారానికి.

మాకు అన్నిటికంటే పనికొచ్చింది వడ్లాయన చేసిచ్చిన ఒక చిన్న అల్మారా. మూల దగ్గర రెండు మంచాలు కలిసే చోట, ఒకదాని పక్కకూ ఇంకోదాని తలాపుకూ మధ్యలో అది నిలబడుతుంది. నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు, అడుగు లోతు. పదకొండు అడుగుల గోడకు మూడడుగుల మంచం, అడుగు అల్మారా, ఆరడుగుల పావు మంచం పోను ఇంకా జానెడు జాగా మిగులుతుంది. దీనికి తలుపుల్లేవు. ఒక అర పాప వైపు తెరుచుకుంటే పక్క అర బాబు వైపు తెరుచుకుంటుంది, వెనక చెక్క అరకో దిక్కు మారుతుంది. పడుకుంటే ఒకరికొకరు కనిపించరు, లేచి కూర్చుంటే అల్మారా మీద నుంచి మాట్లాడుకోవచ్చు. ఎత్తు తక్కువ కాబట్టి ఫ్యాన్ గాలికి అడ్డం రాదు. చేసి తెచ్చిన రోజు పాప స్కూలు స్కేలు పట్టుకొని రెండు వైపులా అన్ని అరలూ కొలిచింది. అర అంగుళం తేడా వచ్చినా వడ్లాయన్ను మళ్లీ పిలిపించేదే.

ఇప్పుడు పాప అరల్లో కథల పుస్తకాలు, పాత రాఖీలు దాచుకున్న స్వీటు డబ్బా, బతుకమ్మప్పుడు రంగులద్ది ఎండబెట్టిన గునుగు పూలు. వాడి అరల్లో చింతగింజలు, చక్రాలు ఊడిన కార్లు, ఎక్కడిదో సైకిల్ బెల్లు మూత. ఒకరి అరలో ఇంకొకరు చేయి పెట్టకూడదని ఇంట్లో రూలు. ఆ రూలు నాకూ వర్తిస్తుంది. ఊడ్చేటప్పుడు ఆ చింతగింజలు పారేయాలని ఎంత అనిపించినా వాడిని అడగకుండా ముట్టను. అట్లా ఉంటేనే వాడు కూడా అక్క డబ్బా జోలికి పోడు.

ఒక జాగ్రత్త: ఈ అల్మారానైనా, బట్టల బీరువానైనా గోడకు క్లాంపులతో బిగించాలి. పిల్లలు అరలను మెట్లనుకొని ఎక్కుతారు, బరువంతా ముందుకు వచ్చి మీద పడుతుంది. మంచం కిటికీ కిందికి రాకుండా చూసుకోండి. పై అంతస్తు అన్నారు కాబట్టి ఇంకా ముఖ్యం.

కరెంటు పని గోడలకు లప్పం (పుట్టీ) పెట్టకముందే అయిపోవాలి. తర్వాత గాడి కొడితే గోడ పాడు, పైసలు దండగ. ఒక్కో మంచం దగ్గర ఒక్కో చిన్న లైటు, దానికి చేతికందే స్విచ్చు. ఐదు వాట్ల పసుపు వెలుగు ఎల్‌ఈడీ చాలు, వెలుగు కిందికి పడేటట్టు పెట్టించండి. మీ పాపకు హోంవర్క్ ఎక్కువ ఉంటుంది, బాబు తొందరగా పడుకుంటాడు. ట్యూబ్‌లైటు ఒక్కటే ఉంటే ఇద్దరిలో ఒకరికి రోజూ ఇబ్బందే. కూలర్ ఇనుప బాడీది అయితే కిటికీ బయటే స్టాండు మీద ఉండనివ్వండి, మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగ్ లేకుండా వాడొద్దు. తడి చేతులతో పిల్లలు ముట్టుకునే వస్తువు అది. కిటికీలకు దోమల జాలీ బిగిస్తే రెండు మంచాలకు రెండు దోమతెరలు కట్టే పని తప్పుతుంది.

పడమటి గోడ ఏదో చూసుకోండి. సాయంత్రమంతా ఎండ తాగి రాత్రి సెగ వదిలేది అదే. తలాపు అటు పెట్టకండి, బీరువా అటు వేయండి. డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించుకుంటే లోపల తేడా తెలుస్తుంది. తెలంగాణలో 2023లో దీనికోసం ప్రభుత్వం ఒక విధానమే తెచ్చింది. పిల్లల గది అలంకరణలో ఇదెక్కడిది అంటారేమో. చెమటతో నిద్ర పట్టని పిల్లలకు గోడ మీది బొమ్మలు ఏం కనిపిస్తాయి చెప్పండి?

సరే, రంగు. సగం గులాబీ, సగం నీలం వద్దనే నా మాట. పది అడుగుల గదిని రెండు రంగులుగా చీలిస్తే ఇంకా చిన్నగా కనిపిస్తుంది. పిల్లల ఇష్టం కూడా నిలవదు. మా పాపకే ఇప్పుడు నీలం కావాలి, బాబుకు పసుపు కావాలి, వచ్చే ఏడు ఏమంటారో. గోడ మళ్లీ మళ్లీ మార్చలేం, దుప్పటి మార్చగలం. మేము నాలుగు గోడలకూ లేత మీగడ రంగు వేయించాం. మా అత్తమ్మ వచ్చి చూసి, "గిదేం రంగు బిడ్డా, దవాఖాన లెక్క ఉన్నది" అన్నది. దుప్పట్లు, పరదాలు, కింద జంపఖానా పడ్డాక మళ్లీ ఆ మాట అనలేదు. అనలేదంటే ఒప్పుకున్నట్టే, మా ఇంట్లో పద్ధతి అది.

డిస్టెంపర్ కాకుండా, తడిబట్టతో తుడిస్తే పోని ఎమల్షన్ వేయించండి. ఐదేళ్ల బాబు ఉన్న గదికి క్రేయాన్ గీతలు తప్పవు. మీ గది గోడలు తలుపు, కిటికీ పోను 380 చదరపు అడుగుల దాకా వస్తాయి. లీటరు రంగు ఒక కోటుకు 120 నుంచి 140 చదరపు అడుగులు పారుతుంది కాబట్టి రెండు కోట్లకు ఆరు లీటర్లు చాలు. పెయింటర్ పది లీటర్ల డబ్బా రాసిస్తే ఎందుకని అడగండి. తలుపులకు, మంచానికి వేసే రంగు విషయంలో సీసం చూసుకోవాలి, పిల్లలు అంచులు కొరుకుతారు. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదని 2017 నవంబరు నుంచి దేశమంతా నిబంధన అమల్లో ఉంది, డబ్బా మీద ఆ సంగతి రాసి ఉంటుంది. లేబుల్ లేని లూజు రంగు తీసుకోవద్దు. వానాకాలంలో ఈ పని పెట్టుకోకండి, గోడ ఆరదు, లప్పం ఉబ్బుతుంది. సంక్రాంతి దాటాక, ఉగాది లోపల అయితే బాగా ఆరుతుంది. వాసన పూర్తిగా పోయేదాకా పిల్లల్ని మీ గదిలోనే పడుకోబెట్టుకోండి.

ఖాళీ నేల మీదికి వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా తెచ్చుకోండి, ఆన్‌లైన్‌లో దొరికే బొచ్చు కార్పెట్ కాదు. నూలుది కాబట్టి ఎండాకాలం ఒంటికి సెగ తగలదు, దులిపితే దుమ్ము పోతుంది, తిరగేసి కూడా పరుచుకోవచ్చు. వరంగల్ జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఊళ్లోనే నేస్తున్నారు, మనమే మర్చిపోయాం. రంగు పిల్లల్నే ఎంచుకోనివ్వండి, అయితే ఇద్దరూ ఒకదానికే ఒప్పుకోవాలని షరతు పెట్టండి. మాకు ఎరుపు, నలుపు చారలది కుదిరింది. మేడారం జాతర ఏడు చుట్టాలతో ఇల్లు నిండితే ఆ జంపఖానా మీదే నలుగురు పిల్లలు పడుకుంటారు. ఆ నాలుగు రోజులు మా వాళ్లకు మంచాలు గుర్తుకే రావు.

గోడకు స్టిక్కర్లు అంటించకండి, పీకితే లప్పంతో సహా ఊడొస్తాయి. బదులుగా చేర్యాల మాస్కులు ఒక జత తెచ్చి పెట్టుకోవచ్చు. కొబ్బరి చిప్ప మీద రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి చేసి, రంగులు వేస్తారు. మా వాడు చింతగింజలు దాచడం మొదలుపెట్టింది ఆ సంగతి విన్నాకే. ఒక మీసాల ముఖం వాడి మంచం వైపు, ముక్కుపుడక ముఖం పాప వైపు తగిలించాం. తర్వాత వాళ్లే మార్చేసుకున్నారు. నిర్మల్ బొమ్మలు పెడితే పై అరలో పెట్టండి, పొనికి చెక్క చాలా తేలికైనది, కింద పడితే చెవులు, తోకలు విరుగుతాయి.

చదువుకునే బల్ల గోడకు మడిచే రకం ఒక్కటి చాలు. బాబు ఇప్పుడప్పుడే దాని మీద కూర్చోడు.

చివరగా మీరు అడగని సంగతి ఒకటి. ఇంకో రెండు మూడేళ్లలో పాపకు బట్టలు మార్చుకోవడానికి చాటు కావాలి. అప్పుడు గది మధ్యలో ప్లైవుడ్ గోడ కట్టిస్తే ఒక సగానికి కిటికీ ఉండదు, ఇంకో సగానికి ఫ్యాన్ ఉండదు. ఇప్పుడే స్లాబుకు, పాప మంచం అంచు వెంట, పరదా పట్టీ ఒకటి బిగించుకోండి. పరదా ఫ్యాన్ రెక్కలకు తగలనంత ఎడంగా ఉండాలి. బట్ట ఇప్పుడే కొననవసరం లేదు. పట్టీకి డ్రిల్లింగ్ మాత్రం పెయింట్‌కు ముందే చేయించండి, లేకపోతే ఆ దుమ్మంతా కొత్త గోడల మీద పడుతుంది.